గేటు పక్క గది

ఓర్లాండో వెళ్దామని ఇంట్లో అనుకున్న దగ్గర్నుంచి ఈ చర్చ మొదలవుతుంది. డిస్నీ వరల్డ్ లోపలే ఉన్న హోటల్లో గది రేటు చూస్తారు. గుండె కాస్త ఝల్లుమన్నాక, కారులో పావుగంట దూరంలో సగం ధరకే ఉన్న బయటి హోటల్ చూస్తారు. "రాత్రి పడుకోవడానికేగా, ఎక్కడైతే ఏం?" అని ఒకరంటారు. "అంత దూరం వెళ్లి లోపల ఉండకపోతే వెళ్లినట్టేముంటుంది?" అని ఇంకొకరంటారు. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నెగ్గుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు, దొరక్క దొరక్క దొరికిన సెలవులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. ఇన్ని కలిసిన ప్రయాణాన్ని అలా తేల్చేయకూడదు. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక సాయంత్రంలో తేలిపోయే విషయం ఇది.

పార్కు వాళ్ల హోటల్లో మనం అదనంగా కట్టే డబ్బుకు ముఖ్యంగా దొరికేది సమయం. గది మామూలు గదే. డిస్నీలో చౌక రకమైన ఆల్ స్టార్, పాప్ సెంచురీ హోటళ్లలో రెండు మంచాలు, ఒక బాత్రూం, చిన్న ఫ్రిజ్, బయట ఈతకొలను ఉంటాయి. అదే డబ్బు పెడితే బయట ఇంతకంటే పెద్ద గది వస్తుంది. అందుకని గది ఎలా ఉందన్నది పక్కన పెట్టి, ఆ గది వల్ల రోజుకు ఎన్ని గంటలు కలిసొస్తాయి, ఆ గంటల్ని మన ఇంట్లోవాళ్లు నిజంగా వాడుకుంటారా అన్నది చూడాలి. మిగతా లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆ దూరం ఎలా పుట్టింది

1955లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు వాల్ట్ డిస్నీ చేతిలో ఉన్న స్థలం సుమారు 160 ఎకరాలు. పార్కు కట్టేసరికి హోటల్ కట్టే స్తోమత మిగల్లేదు. ఆ పని జాక్ రాథర్ అనే టెలివిజన్ నిర్మాత చేశాడు. డిస్నీల్యాండ్ హోటల్ అని పేరే గానీ, అది డిస్నీ కంపెనీ చేతికి వచ్చింది 1988లో. ఈలోగా పార్కు చుట్టూ మోటళ్లు వరసగా లేచాయి. జనాన్ని రప్పించింది పార్కు, వాళ్లు రాత్రికి కట్టే అద్దె మాత్రం పక్కవాళ్లకు. అందుకే 1960లలో ఫ్లోరిడా మీద చూపు పడినప్పుడు వాల్ట్ రకరకాల కంపెనీల పేర్లతో గుట్టుగా దాదాపు 27 వేల ఎకరాలు కొనిపించాడు. 1966లో ఆయన పోయాడు. 1971 అక్టోబర్ 1న అక్కడ మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచిన రోజున దాంతోపాటే కంటెంపరరీ, పాలినేషియన్ హోటళ్లు కూడా ఉన్నాయి.

ఈ చరిత్ర మన లెక్కకు నేరుగా పనికొస్తుంది. అనాహైమ్‌లో ఇప్పటికీ హార్బర్ బులెవార్డ్ అవతల ఉన్న మామూలు మోటళ్ల నుంచి గేటు దాకా నడిచే వెళ్లొచ్చు, కొన్నిటి నుంచైతే పది నిమిషాలు కూడా పట్టదు. డిస్నీ సొంత హోటళ్లలో గ్రాండ్ కాలిఫోర్నియన్‌కు డిస్నీల్యాండ్ పక్కనే ఉన్న రెండో పార్కులోకి నేరుగా ద్వారం ఉంది, దాని ధరా అలాగే ఉంటుంది. తక్కినవాటికి దూరంలో పెద్ద వాసి లేదు. బే ఏరియా నుంచి కారేసుకుని వెళ్లే తెలుగు కుటుంబానికి నేనైతే మరో మాట లేకుండా రోడ్డవతల మోటల్ తీసుకోమంటాను.

ఫ్లోరిడాలో పరిస్థితి వేరు. నాలుగు పార్కులు, ఇరవైకి పైగా హోటళ్లు, వాటి మధ్య చెరువులు, చెట్లు, మైళ్ల కొద్దీ రోడ్లు. బయట ఉంటే కారు, పార్కింగ్, ట్రాఫిక్ తప్పవు. దూరాన్ని ఏర్పాటు చేసిన కంపెనీయే ఆ దూరాన్ని తగ్గించే గదినీ అమ్ముతోంది. అది తెలిసి కొంటే మోసమేమీ లేదు, తెలియక కొంటేనే డబ్బు పోయిందన్న బాధ.

రసీదు మీది లెక్క

డాలస్ నుంచి విమానంలో వెళ్లే నలుగురి కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, బడికెళ్లే పిల్లలిద్దరు. అయిదు రాత్రులు, నాలుగు పార్కు రోజులు. బయటి గది రాత్రికి 110 డాలర్లు, లోపలి చౌక రకం గది 210 డాలర్లు అనుకుందాం. సెలవుల కాలాన్ని బట్టి రేట్లు బాగా మారతాయి, మీ అంకెలు మీరు వేసుకోండి, లెక్క చేసే తీరు మాత్రం ఇదే.

పైకి చూస్తే తేడా రాత్రికి వంద, మొత్తం 500. కానీ ఓర్లాండోలో బయటి హోటళ్లు చాలావరకు రిసార్ట్ ఫీజు అని విడిగా వడ్డిస్తాయి. ఒకప్పుడు వెతికేటప్పుడు అది మొదటి పేజీలో కనబడేది కాదు. రాత్రికి 25 వేసుకుందాం. డిస్నీ తన హోటళ్లలో ఆ ఫీజు తీసుకోదు. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో గది అద్దె మీద పన్ను 12.5 శాతం. అప్పుడు బయటి గది అయిదు రాత్రులకు దాదాపు 760 డాలర్లు అవుతుంది. పార్కు దగ్గర కారు ఆపడానికి 2024లో రోజుకు 30 డాలర్లు. డిస్నీ హోటల్లో దిగినవాళ్లకు అది ఉచితం. నాలుగు రోజులకు 120 కలిపితే బయట 880. లోపల పన్నుతో సహా సుమారు 1180. అంటే 500 అనుకున్న తేడా 300కి దిగింది.

ఇక్కడ కారు లెక్క కూడా చూడాలి. లోపల ఉంటే బస్సులు ఉచితం, కాబట్టి విమానంలో వచ్చినవాళ్లు కారు అద్దెకు తీసుకోకుండానే నడిపించుకోవచ్చు. ఆ అద్దె, పెట్రోలు మిగిలితే తేడా ఇంకా కరిగిపోతుంది, ఒక్కోసారి లోపలి గదే చౌక అయినా ఆశ్చర్యం లేదు. అదే అట్లాంటా నుంచి సొంత కారులో ఆరేడు గంటలు నడుపుకుంటూ వచ్చిన కుటుంబానికి ఈ మిగులు లేదు, వాళ్లకు 300 అలాగే ఉంటుంది. ఒకే హోటల్, ఒకే రేటు, రెండు ఇళ్లకు రెండు జవాబులు. బంధువుల సలహా మీద ఆధారపడితే దెబ్బతినేది ఇక్కడే.

బంధువుల సలహాలో ఇంకో చిక్కు కూడా ఉంది. అది పాతబడిపోయి ఉంటుంది. ఒకప్పుడు డిస్నీ హోటల్లో దిగితే విమానాశ్రయం నుంచి ఉచిత బస్సు ఉండేది. 2022 జనవరితో అది ఆగిపోయింది. క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఉండేది, హోటల్లో ఉన్నవాళ్లు 60 రోజుల ముందే, బయటివాళ్లు 30 రోజుల ముందు తీసుకునేవాళ్లు. అదీ పోయింది. ఇప్పుడు దాని స్థానంలో డబ్బు కట్టి కొనుక్కునే లైట్నింగ్ లేన్ ఉంది. 2024 నుంచి హోటల్ వాళ్లు ఏడు రోజుల ముందు, బయటివాళ్లు మూడు రోజుల ముందు దాన్ని కొనుక్కోవచ్చు. గమనించండి, ఇది మనకు ఉచితంగా దక్కేదేమీ కాదు, ముందుగా ఖర్చు పెట్టే అవకాశం మాత్రమే. రద్దీ వారాల్లో దాని విలువ గట్టిదే, ఎందుకంటే పిల్లలు కలవరించే రైడ్ల స్లాట్లు ముందే నిండిపోతాయి. ఖాళీగా ఉండే వారాల్లో దాన్ని లెక్కలో వేయకండి.

ఇప్పుడు ఆ 300 డాలర్లను గంటల్లోకి మార్చాలి. పార్కు టికెట్ రోజుకు మనిషికి 120 డాలర్లు వేసుకుంటే నలుగురికి 480. పార్కులో పది గంటలు గడుపుతారనుకుంటే గంటకు 48. నాలుగు రోజులకు తేడా 300, అంటే రోజుకు 75. దాదాపు గంటన్నర ఖరీదు. లోపలి గది మీ కుటుంబానికి రోజుకు గంటన్నర కలిసొచ్చేలా చేస్తే పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. చేయకపోతే అది సరదా ఖర్చు, సరదా అని తెలిసి పెట్టినా తప్పులేదు.

గంటన్నర ఎక్కడ దొరుకుతుంది

మొదటిది పొద్దున్న. డిస్నీ హోటళ్లలో ఉన్న అందరికీ, చౌక గదైనా ఖరీదైన గదైనా, ఏ పార్కుకైనా రోజూ అరగంట ముందు ప్రవేశం ఉంది. వినడానికి అరగంటే. కానీ పార్కు తెరిచిన తొలి గంటలోనే క్యూలు చిన్నవిగా ఉంటాయి. మధ్యాహ్నం గంటకు పైగా నిలబెట్టే రైడ్‌ను ఆ అరగంటలో ఎక్కేసి, రెండోదాని క్యూలో ముందుండొచ్చు. అందువల్ల మిగిలేది గంట దాటే ఉంటుంది. షరతు ఒక్కటే, గేటు దగ్గర ముందే ఉండాలి. పార్కు తొమ్మిదికి తెరిస్తే మీ ప్రవేశం ఎనిమిదిన్నరకు, గేటు దగ్గర మీరు ఎనిమిది లోపే, గదిలోంచి ఏడుంబావుకే బయటపడాలి. మీ ఇంట్లో సెలవు రోజు ఎవరు ఎన్నింటికి లేస్తారో మీకు తెలుసు. తొమ్మిదికి ముందు కదలని ఇల్లయితే ఈ సౌకర్యం విలువ సున్నా అని రాసేసుకోండి.

సుప్రభాత సేవ టికెట్ ఉన్నవాళ్లు తిరుమల కొండ మీదే గది కోసం తాపత్రయపడతారు, మధ్యాహ్నం దర్శనానికి వెళ్లేవాళ్లు కింద తిరుపతిలో హాయిగా దిగుతారు. ఇక్కడా ఎంచుకోవాల్సింది ఆ పద్ధతిలోనే. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఇండియా నుంచి కొత్తగా దిగిన పెద్దవాళ్లు సమయం తేడా వల్ల తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో లేచి కూర్చుంటారు. వాళ్లున్న కుటుంబం పొద్దున్న ప్రవేశాన్ని బాగా వాడుకోగలదు. మధ్యాహ్నానికి మాత్రం వాళ్లకు కళ్లు మూతలు పడతాయి.

ఆ మధ్యాహ్నమే రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. మన పిల్లల బడి సెలవులు వేసవిలోనే వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఫ్లోరిడాలో ఎండ, ఉక్క, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన. విజయవాడ ఎండ చూసినవాళ్లం మాకేమిటి అనుకుంటారు. కానీ విజయవాడలో ఆ ఎండలో పదిమైళ్లు నడవం. ఒంటిగంటకు చిన్నపిల్ల ఏడుపు మొదలుపెడుతుంది, నాన్నకు మోకాలు పట్టేస్తుంది. అప్పుడు అమ్మ ఒక మాట అంటుంది: "నేనిక్కడ నీడన కూర్చుంటాలే నాయనా, మీరెళ్లి చూసి రండి." ఆ మాట విని కొడుకు నిజమే అనుకుని వెళ్లిపోతాడు. ఆవిడ ఆ బెంచీ మీదే మూడు గంటలు కూర్చుంటుంది, వంద డాలర్లు దాటిన టికెట్‌తో. వాళ్లను చూపించడానికే తీసుకొచ్చిన ప్రయాణంలో వాళ్లు చూసింది ఆ బెంచీ. ఇలాంటి అమ్మలు ప్రతి పార్కులోనూ కనిపిస్తారు, నాకు మనసు చివుక్కుమనేది వాళ్లను చూసే.

గది దగ్గరుంటే ఆ మూడు గంటలు పడుకుని, స్నానం చేసి, అయిదింటికి హుషారుగా తిరిగి రావచ్చు. రాత్రి బాణసంచా దాకా అందరూ నిలబడగలరు. బయటి హోటల్ నుంచి ఇది చేయలేమని కాదు, కానీ చెయ్యరు. ముఖ్యంగా మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి. అక్కడ కారు ఆపే చోటు పార్కు గేటు దగ్గర ఉండదు. చెరువుకు ఇవతల ఆపి, మోనోరైలో పడవో ఎక్కి అవతలికి పోవాలి. డిస్నీ హోటళ్ల బస్సులు మాత్రం నేరుగా గేటు ముందు దింపుతాయి. కారుకు వెళ్లడానికి, మళ్లీ రావడానికి పోయే సమయం తలుచుకునే చాలామంది ఆ ఆలోచన మానుకుంటారు.

అయితే లోపల ఉన్నంత మాత్రాన దగ్గరున్నట్టు కాదు. బస్సు కోసం ఇరవై నిమిషాలు నిలబడి, ఇరవై నిమిషాలు ప్రయాణించే హోటళ్లు లోపలా ఉన్నాయి. కంటెంపరరీ నుంచి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు నడక పది నిమిషాలు, గ్రాండ్ ఫ్లోరిడియన్, పాలినేషియన్‌ల నుంచి మోనోరైలు. వాటి ధరలు మధ్యతరగతికి అందవు. మధ్యేమార్గం 2019లో వచ్చిన స్కైలైనర్ అనే తీగబండి. పాప్ సెంచురీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్, కరీబియన్ బీచ్ హోటళ్ల నుంచి అది ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ పార్కులకు వెళ్తుంది. బస్సులా కాసుకుని కూర్చోవాల్సిన పనిలేదు, బండి తరవాత బండి వస్తూనే ఉంటుంది. ఉరుముల వాన వస్తే మాత్రం ఆపేస్తారు. చౌక రకంలో ఎంచుకోవాలంటే నేను ఆల్ స్టార్ కంటే కొంచెం ఎక్కువైనా పాప్ సెంచురీకే మొగ్గుతాను.

ఆరుగురైతే

పై లెక్క నలుగురికి. మన కుటుంబాలు వెళ్లేది చాలాసార్లు ఆరుగురు. చౌక రకం మామూలు గదిలో నలుగురికే చోటు, మూడేళ్ల లోపు పసిబిడ్డను తప్ప అయిదో మనిషిని రానివ్వరు. అంటే రెండు గదులు, లేదా అంతకు తక్కువ కాని ధరకు ఫ్యామిలీ సూట్. అయిదు రాత్రులకు రెండు గదులు పన్నుతో సుమారు 2360 డాలర్లు. డిస్నీ బయట కిస్సిమ్మీ వైపు నాలుగు పడగ్గదుల ఇల్లు రాత్రికి 200కు దొరికిందనుకుంటే, శుభ్రం చేసినందుకు తీసుకునేది, పన్ను, పార్కింగ్ అన్నీ కలిపి 1420 దగ్గర ఆగుతుంది. తేడా 940. గంటల్లోకి మారిస్తే రోజుకు మూడు గంటల పైమాట. ఏ హోటలూ రోజుకు మూడు గంటలు మిగల్చదు.

పైగా ఆ ఇంట్లో వంటగది ఉంది. అయిదు రోజులు బర్గర్లు, ఫ్రెంచ్ ఫ్రైలు తినలేని పెద్దవాళ్లకు రాత్రి ఇంటికొచ్చి వేడి అన్నంలో చారు పోసుకోవడం ఎంత సుఖమో వేరే చెప్పాలా. లోపలి మామూలు గదుల్లో వండుకునే వీలుండదు. ఎక్కడ దిగినా ఇది గుర్తుంచుకోండి: డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి బయటి తిండి తెచ్చుకోనిస్తారు. గాజు సీసాలు, అక్కడ వేడి చేయాల్సినవి పనికిరావు. పులిహోర, చపాతీ చుట్టలు, దద్దోజనం డబ్బాలో పెట్టుకుని నిశ్చింతగా వెళ్లొచ్చు. ఆరుగురికి పార్కులో ఒక పూట భోజనం మిగిలితే రోజు పార్కింగ్ డబ్బుకు రెండు మూడింతలు మిగులుతుంది.

ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ఖరీదైన హోటళ్లలో దిగినవాళ్లందరికీ యూనివర్సల్ స్టూడియోస్, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కుల్లో క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదితోపాటే ఇస్తూ వచ్చారు. ఆ పాస్ విడిగా కొంటే రద్దీ రోజుల్లో మనిషికి రోజుకు రెండు వందల డాలర్లు దాటుతుంది. ఒక్క రాత్రి గది తీసుకుంటే దిగిన రోజు, ఖాళీ చేసే రోజు రెండూ చెల్లుతుంది. నలుగురికి రెండు రోజుల పాస్ ఖరీదు గది అద్దెను మించిపోతుంది. అక్కడ చౌక హోటల్ తీసుకుని పాస్ విడిగా కొనడమే దుబారా. 2025 మే నెలలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో ఈ పాస్ చెల్లదు, యూనివర్సల్ మిగతా హోటళ్లకూ ఈ సౌకర్యం లేదు. షరతులు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజున మరోసారి చూసుకోండి.

సింగపూర్ వెళ్లేవాళ్లకు ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. సెంటోసాలోని యూనివర్సల్ స్టూడియోస్ ఒక్క రోజు పార్కు. లిటిల్ ఇండియాలో దిగి, ఎంఆర్‌టీలో హార్బర్‌ఫ్రంట్ దాకా నేరుగా వెళ్లి, అక్కడ సెంటోసా రైలు ఎక్కితే సరిపోతుంది. రాత్రికి ఇడ్లీ దొరికే వీధికే తిరిగి వస్తారు. మన దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీలో సితార, తార హోటళ్లున్నాయి. హైదరాబాద్‌లో ఇల్లున్నవాళ్లకు వాటి అవసరం తక్కువ. దూరం నుంచి చిన్నపిల్లలతో వచ్చి, సాయంత్రం కార్యక్రమాల దాకా ఉండి, మళ్లీ రాత్రిపూట హైవే మీద నగరంలోకి రావాల్సిన కుటుంబానికి మాత్రం ఒక రాత్రి లోపల ఉండడం డబ్బుకు తగిన పనే.

మళ్లీ ఆరుగురి కుటుంబం దగ్గరికి వస్తే, వాళ్లకు నేను చెప్పేది సగం సగం పద్ధతి. మొదటి మూడు రాత్రులు వంటగది ఉన్న ఇల్లు. పెద్దవాళ్లకు సమయం తేడా సర్దుకునేది, ఎప్‌కాట్, యానిమల్ కింగ్‌డమ్ లాంటివి నిదానంగా చూసేది అప్పుడే. చివరి రెండు రాత్రులు లోపల రెండు గదులు, మ్యాజిక్ కింగ్‌డమ్ ఆ రోజులకు. ముందు ప్రవేశం దిగే రోజు పొద్దున్న నుంచే, గది తాళం చేతికి రాకముందే వర్తిస్తుంది. ఖాళీ చేసే రోజునా ఉంటుంది. సామాను హోటల్ వాళ్ల దగ్గర పెట్టి పార్కుకు వెళ్లిపోవచ్చు. ఇలా రెండు రాత్రుల అద్దెకు మూడు పొద్దుల ప్రవేశం దొరుకుతుంది. గది మాత్రమే విడిగా బుక్ చేయండి, టికెట్లతో కలిపిన ప్యాకేజీగా వద్దు. విడి గదిని దిగడానికి వారం ముందు దాకా రద్దు చేసుకున్నా కట్టిన అడ్వాన్సు తిరిగి వస్తుంది. ప్యాకేజీ అయితే నెల ముందే తేల్చుకోవాలి. గది పట్టుకున్నాక, ఆ రద్దు గడువు లోపు మీ అమ్మానాన్నలను ఫోన్‌లో అడగండి, ఎంత దూరం నడవగలరో, మధ్యాహ్నం పడుకోకుండా ఉండగలరో. "మాకేం ఫర్వాలేదు" అనే అంటారు. మోకాళ్ల గురించి విడిగా ఇంకోసారి అడగండి.